సబ్బు చేయించండి, కెమిస్ట్రీ వస్తుంది: బోరు నీళ్ల ఊళ్లలో పదో తరగతికి ఒక ప్రాజెక్టు

2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోమనే మాట వినిపించేది. ఆ మాట అందరికీ గుర్తుంది కానీ సబ్బు ఆ వైరస్‌ని ఏం చేస్తుందని అడిగి చూడండి, పదో తరగతిలో ఫస్టు వచ్చే పిల్ల కూడా "క్రిములు చస్తాయి సార్" అని అక్కడితో ఆపేస్తుంది. పైగా అప్పట్లో బడులు మూతపడి, ఆ సెప్టెంబరు 1 నుంచి టీవీలో టీ-శాట్, యాదగిరి ఛానళ్ల పాఠాలు విన్న పిల్లలకు ల్యాబు అంటే ఏంటో తెలియకుండానే తరగతులు దాటిపోయాయి. టీవీలో ఎంత బాగా చెప్పినా టెస్ట్‌ట్యూబు వేడెక్కడం చేతికి తెలియదు కదా.

అందుకే ఈ ప్రాజెక్టు. మీరు నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫిజికల్ సైన్స్ చెప్పే సారైనా, మేడమైనా, లేదా ఇంట్లో పదో తరగతి పిల్లలున్న అమ్మానాన్నలైనా దీన్ని చేయించొచ్చు. ఒక్క సబ్బు చేస్తే ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం, కార్బన్ సమ్మేళనాల పాఠంలోని సపోనిఫికేషన్ (నూనె, క్షారం కలిసి సబ్బు అవడం), మధ్యలో మోల్ లెక్కలు అన్నీ వచ్చేస్తాయి. నా ఉద్దేశంలో మన జిల్లాల్లో అసలు సరుకు ఇంకొకటి ఉంది, అది నీళ్లు. సబ్బుతో కడుక్కోండి అని చెప్పడం తేలికే, బోరు నీళ్లలో ఆ సబ్బు నురగే రాకపోతే ఏం కడుగుతారు? ఆ ప్రశ్న దాకా పిల్లల్ని తీసుకెళ్తేనే ఈ ప్రాజెక్టు చేసినట్టు.

శానిటైజర్ జోలికి పోకండి

కరోనా ప్రాజెక్టు అనగానే అందరూ ముందు శానిటైజర్ అంటారు. వద్దు. ఆల్కహాలు ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, ఇథనాల్ అయితే ఎక్సైజ్ పరిధిలోకి వస్తుంది, బయట దొరికే స్పిరిట్‌లో విషమైన మిథనాల్ కలిసిందో లేదో చూసి చెప్పలేం. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు, అలాంటి సీసాలు బడి అల్మారాలో పెట్టుకోవడం ఎందుకు?

లెక్క మాత్రం చేయించండి, అది బోర్డు మీద చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలో 10 లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మిల్లీలీటర్లు, గ్లిజరాల్ 145 మిల్లీలీటర్లు, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. 8,333ని 0.96తో గుణిస్తే 8,000, అంటే చివరికి 80 శాతం. పెరాక్సైడ్ 0.125 శాతానికి వస్తుంది. ఆ కాస్త పెరాక్సైడ్ చేతుల కోసం కాదు, సీసాలోనే ఉండిపోయిన బాక్టీరియా స్పోర్ల కోసం. నీళ్లు కలపకుండా పూర్తి ఆల్కహాలు వాడితే ఇంకా బాగా పనిచేయదా అని ఒకడు తప్పకుండా అడుగుతాడు. చేయదు, ప్రోటీన్లు విరగడానికి కాస్త నీరు కావాలి, పైగా ఉత్త ఆల్కహాలు పని పూర్తయ్యేలోపే ఆరిపోతుంది. గ్లిజరాల్ అన్న మాట దగ్గర పిల్లల్ని ఒక్క నిమిషం ఆపండి, కింద మళ్లీ దాని అవసరం ఉంది.

బ్లీచింగ్ పౌడర్‌తో ప్రయోగాలు కూడా పిల్లల చేతికి ఇవ్వకండి. దాంట్లో బాత్రూం కడిగే యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. అది పుస్తకంలో సమీకరణంగా చదివితే చాలు, ముక్కుకు తెలియాల్సిన పని లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సబ్బు చేసిన రోజే వాడుకోలేం, 4 నుంచి 6 వారాలు ఆరాలి. అక్టోబరు 15 ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం. ఆ రోజుకు ముక్కలు చేతిలో ఉండాలంటే సెప్టెంబరు మొదట్లోనే పోత పోయాలి, దసరా సెలవుల్లో బడి తాళం వేసి ఉన్నా సబ్బు పని సబ్బు చేసుకుంటుంది. జిల్లా సైన్స్ ఫెయిర్‌కో, పిల్లల సైన్స్ ఆలోచనలకు అవార్డులిచ్చే ఇన్‌స్పైర్ మనక్‌కో పంపే ఆలోచన ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టండి. వారం ముందు టెన్షన్ పడి చేస్తే పచ్చి సబ్బు పట్టుకుపోవాల్సి వస్తుంది.

సామాను

నూనెలు మూడు: కొబ్బరి నూనె 300 గ్రాములు, పల్లీ నూనె 150, ఆముదం 50. మొత్తం అర కిలో. పల్లీ, ఆముదం పాలమూరు నేలలో పండేవే, వనపర్తి, గద్వాల వైపు పిల్లలైతే పల్లీ చేను చూడకుండా పెరగరు, కాబట్టి గానుగ నూనె దొరికితే తెచ్చుకోండి, లేకపోతే ప్యాకెట్ నూనె చాలు. బజ్జీలు వేయించిన నూనె మాత్రం మొదటిసారికి వద్దు. వాడిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటాయి, లెక్క కుదరదు.

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, కెమికల్స్ అమ్మే షాపులో తెల్లటి పెళ్లల్లా దొరుకుతుంది. డ్రైనేజీ పైపుల్లో పోసే పొడి తేకండి, కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కలుపుతారు. డబ్బా మూత గట్టిగా ఉండాలి, తెరిచి పెడితే గాలిలో తేమ పీల్చుకుని అతుక్కుపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బొనేట్ అవుతుంది, అప్పుడు మీరు సరిగ్గానే తూచినా పనిచేసేది అంత ఉండదు.

డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ఒక గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం కావాలి, దీంట్లో రాజీ లేదు. గ్లాసులతో, చెంచాలతో కొలిచి చేసే సబ్బు వీడియోలు బోలెడున్నాయి, వాటిని నమ్మకండి. ఇంకా స్టీలు గిన్నెలు రెండు, స్టీలు గరిటె, కళ్లద్దాలు (ల్యాబు గాగుల్స్), రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా. అల్యూమినియం గిన్నె, అల్యూమినియం రేకు దగ్గరికి కూడా రానివ్వొద్దు. కాస్టిక్ సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. జింకుతో సోడియం హైడ్రాక్సైడ్ చర్య అని పుస్తకంలో చదివింది గుర్తుందా, దాదాపు అదే కథ. అచ్చులకు కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లను చిన్న అట్టపెట్టెలో పరిస్తే సరిపోతుంది.

లెక్క: ఇక్కడ తొందరపడొద్దు

ఒక్కో నూనెకు ఎంత కాస్టిక్ సోడా కావాలో చెప్పే అంకె ఉంటుంది. ఒక గ్రాము కొబ్బరి నూనెకు 0.183 గ్రాములు, పల్లీ నూనెకు 0.136, ఆముదానికి 0.128. మన కొలతకు గుణించి చూస్తే 54.9, 20.4, 6.4, మొత్తం 81.7 గ్రాములు. అంత వేయం. ఓ 5 శాతం తగ్గిస్తాం, అప్పుడు కాస్టిక్ సోడా అంతా అయిపోయి కాస్త నూనె మిగులుతుంది, చర్మం మంట పుట్టదు. 5 శాతం తగ్గిస్తే 77.6, మనం 77 తీసుకుందాం. పరిమిత క్రియాజనకం అనే మాట ఇంటర్‌లో వచ్చి పిల్లల్ని బెదిరిస్తుంది, దాన్ని ఇక్కడే చూపించేయొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి: అన్నీ నూనెలే కదా, కొబ్బరి నూనెకే ఎందుకు ఎక్కువ కావాలి? జవాబు వెంటనే చెప్పకండి. నూనె అణువు ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న ఎస్టర్. ఒక్కో అణువుకు మూడు సోడియం హైడ్రాక్సైడ్‌లు కావాలి. ఒక మోల్ సోడియం హైడ్రాక్సైడ్ 40 గ్రాములు, మూడు మోల్‌లు 120 గ్రాములు. 120ని 0.183తో భాగిస్తే 656. అది కొబ్బరి నూనె అణువు సగటు బరువు, మోల్‌కు గ్రాముల్లో. 120ని 0.136తో భాగిస్తే 882, అది పల్లీ నూనెది. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లంలో కార్బన్లు 12, పల్లీ నూనెలో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లంలో 18. గొలుసు పొట్టిది, అణువు తేలిక, కాబట్టి అదే గ్రాము నూనెలో అణువులు ఎక్కువ, వాటికి కావాల్సిన కాస్టిక్ సోడా ఎక్కువ. కిరాణా షాపులో కొన్న నూనె అణువు ఎంత బరువుందో కాలిక్యులేటర్‌తో తేల్చామని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడండి. పీరియడ్ అంతా దీనికే పోయినా పోనివ్వండి.

ఇంకో లెక్క కూడా ఉంది. 3 మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్‌కు ఒక మోల్ గ్లిజరాల్ విడుదలవుతుంది, దాని బరువు 92 గ్రాములు. మన 77 గ్రాములు 1.925 మోల్‌లు, దాన్ని మూడుతో భాగించి 92తో గుణిస్తే దాదాపు 59 గ్రాములు. శానిటైజర్ ఫార్ములాలో చర్మం పగలకుండా కలిపిన గ్లిజరాల్ ఇదే, మన సబ్బులో దానంతట అదే పుట్టి అక్కడే ఉండిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు దాన్ని వేరుచేసి విడిగా అమ్ముకుంటాయి.

కలపడం

కాస్టిక్ సోడా పని పెద్దవాళ్లదే. పిల్లలు నూనెలు తూస్తారు, థర్మామీటరు చూస్తారు, రాసుకుంటారు, కలియబెట్టేటప్పుడు ఒక్కొక్కరు గాగుల్స్, గ్లౌజులు వేసుకుని వంతులవారీగా వస్తారు. వరండాలో, గాలి మీ వెనక నుంచి వచ్చేలా నిలబడి చేయండి. పక్కన ఒక బకెట్ నిండా నీళ్లు, మగ్గు ఉండాలి.

స్టీలు గిన్నెలో 160 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ తీసుకుని దాంట్లోకి 77 గ్రాముల కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. సోడాను నీళ్లలోకి వేయాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లను సోడా మీద పోయకూడదు, పోస్తే అక్కడికక్కడే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఉష్ణమోచక చర్య అంటే ఏంటో ఇప్పుడు గిన్నె బయటి నుంచే తెలుస్తుంది. పొయ్యి లేదు, మంట లేదు, అయినా నీళ్లు 80 డిగ్రీలు దాటొచ్చు. మొదటి రెండు నిమిషాలు ఘాటుగా ఆవిరి వస్తుంది, తల పక్కకు పెట్టుకోండి. పిల్లల్లో ఒకరితో దూరం నుంచి అర నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాయిస్తే మంచి గ్రాఫు వస్తుంది.

చర్మం మీద చుక్క పడితే వెంటనే నీళ్ల ధార కింద పెట్టి 15, 20 నిమిషాలు కడగాలి. నిమ్మకాయ పిండటం, వెనిగర్ పూయడం లాంటివి చేయకండి, తటస్థీకరణలో కూడా వేడి పుడుతుంది, కాలిన చోట ఇంకా కాలుతుంది. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ద్రావణం 40 డిగ్రీల దగ్గరికి దిగాక, నూనెల్ని కూడా దాదాపు అదే వేడికి తెచ్చి, ద్రావణాన్ని నూనెలో సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టండి. ముందు పసుపు పచ్చగా, జిడ్డుగా ఉన్నది మెల్లగా తెల్లబడి చిక్కబడుతుంది. గరిటె ఎత్తి పైనుంచి ఒక చుక్క జారిస్తే ఆ గీత కాసేపు పైన నిలబడాలి, బజ్జీల పిండి ఉన్నంత చిక్కగా అన్నమాట. చేత్తో కలిపితే అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది, ఆముదం ఉంది కాబట్టి కాస్త తొందరగానే వస్తుంది. హ్యాండ్ బ్లెండర్ ఉంటే అయిదారు నిమిషాల పని, అయితే దాన్ని మళ్లీ వంటింట్లోకి పంపకండి.

ఆ తర్వాత అచ్చులో పోసి, పైన అట్ట మూసి, ఒక రోజో రెండు రోజులో వదిలేయండి. లోపల చర్య ఇంకా నడుస్తూనే ఉంటుంది, పెట్టె పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. గట్టిపడ్డాక గ్లౌజులతోనే తీసి 100 గ్రాముల చొప్పున ముక్కలు కోయండి, ఏడు దాకా వస్తాయి. గాలి తగిలేలా ఎడంగా పేర్చి, ఎండ పడని చోట పెట్టండి. ఒక ముక్క మీద నంబరు గీసి వారానికోసారి తూచాలి. ఆ బరువు ఎందుకు తగ్గుతోందో, ఏ వారం తగ్గడం ఆగిందో పిల్లలే చెప్పాలి.

సబ్బు ఆరేలోపు: పసుపు చేతులు

సబ్బు వైరస్‌ని ఎలా విప్పేస్తుందో ఈ వారాల్లో చెప్పుకోవచ్చు. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు అణువుకు ఒక చివర నీళ్లంటే ఇష్టం, ఇంకో చివర ఉన్న పొడవాటి కార్బన్ తోకకు కొవ్వంటే ఇష్టం. ఆ తోకలు వెళ్లి కొవ్వు పొరలో దూరి దాన్ని చీల్చేస్తాయి, చీలిన ముక్కల చుట్టూ మిసెల్‌లుగా, అంటే చిన్న గుండ్రటి గుంపులుగా, చేరి నీళ్లతో పాటు కొట్టుకుపోయేలా చేస్తాయి. పొర లేని వైరస్‌లు కూడా ఉన్నాయి, వాటి మీద సబ్బు ఇంత బాగా పనిచేయదు, అక్కడ కడిగి పంపేయడమే ముఖ్యం. అప్పట్లో నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు ముంచగానే పొడి పారిపోయే వీడియో తెగ తిరిగింది. చూడ్డానికి బాగుంటుంది కానీ అది తలతన్యత ప్రయోగం, వైరస్ పొర చీలడానికీ దానికీ సంబంధం లేదు. అది చూపించి "వైరస్ ఇలా పారిపోతుంది" అని చెప్పకండి.

దానికన్నా ఇది చేయించండి. అర చెంచా పల్లీ నూనెలో చిటికెడు పసుపు కలిపి రెండు చేతులకూ బాగా రాసుకోమనండి, వేళ్ల సందులు, గోళ్ల అంచులు, బొటనవేలి వెనక అన్నీ. ఇప్పుడు ఎప్పుడూ కడుక్కున్నట్టే స్నానం సబ్బుతో కడగమనండి. సబ్బు తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడుతుంది, ఎందుకంటే సబ్బు క్షారం, పసుపు సూచిక. పది సెకన్లకు "ఆపు" అని చేతులు చూడండి. అరచేతులు ఎర్రగా ఉంటాయి, బొటనవేలి మొదట్లో, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ పచ్చగానే ఉంటుంది, అంటే అక్కడికి సబ్బు చేరనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతులు కడిగే పని మొత్తానికి 40 నుంచి 60 సెకన్లు ఎందుకు చెప్పిందో ఇక ఎవరూ వివరించక్కర్లేదు. మీరు వాడే హ్యాండ్‌వాష్ ఎరుపు తెప్పించకపోతే కంగారు పడకండి, కొన్ని లిక్విడ్‌లు క్షారం కాకుండా తయారుచేస్తారు, ముందే ఒక చుక్కతో చూసుకోండి. తెల్ల యూనిఫాం రోజు మాత్రం పెట్టుకోకండి, అమ్మలు బడికొస్తారు.

నీళ్ల పరీక్ష: మన జిల్లాల పాఠం

ఒకేలాంటి చిన్న ప్లాస్టిక్ సీసాలు తీసుకుని ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి: డిస్టిల్డ్ వాటర్, నల్లా దగ్గర పట్టిన మిషన్ భగీరథ నీళ్లు, బడి బోరు నీళ్లు, పొలం బోరు నీళ్లు, ఆర్ఓ ప్లాంటు క్యాను నీళ్లు, దొరికితే వాన నీళ్లు. ఊరి పేరు, తేదీ సీసా మీద రాయించండి, పిల్లలు నాలుగు ఊళ్ల నుంచి వస్తే నాలుగు ఊళ్ల బోర్లూ వచ్చేస్తాయి.

ఒక గ్రాము సబ్బు తురుము 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. సబ్బు అంటే నిజం సబ్బే, కవరు మీద సోడియం పామేట్ లాంటి పేరు ఉండాలి. బట్టల డిటర్జెంట్ బిళ్ల అయితే ఈ పరీక్ష పనికిరాదు, డిటర్జెంట్ కఠిన జలంలో కూడా నురగ ఇస్తుంది, అది కనిపెట్టిన కారణాల్లో ఒకటి అదే. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజితో సబ్బు ద్రావణాన్ని అర మిల్లీలీటరు చొప్పున వేస్తూ, వేసిన ప్రతిసారీ మూత పెట్టి పది సార్లు ఊపాలి. వేలెడు మందం నురగ ఒక నిమిషం పాటు నిలబడితే ఆగి, ఎంత ద్రావణం పట్టిందో రాయాలి.

డిస్టిల్డ్ వాటర్‌కు కాస్త వేయగానే నురగ వస్తుంది. కఠినమైన బోరు నీళ్లకు వేస్తూ పోతూనే ఉంటారు, నురగ బదులు పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు తేలుతుంది. నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని సోడియంను తోసేసి, కరగని కాల్షియం సబ్బును తయారుచేస్తాయి. ఆ కాల్షియం అంతా అయిపోయాకే మిగిలిన సబ్బు నురగ మొదలుపెడుతుంది. బకెట్ అంచు చుట్టూ పేరుకునే జిడ్డు గీత, తలస్నానం తర్వాత జుట్టు అట్టకట్టడం, అన్నీ ఇదే.

తర్వాత అదే బోరు నీళ్లను పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి మళ్లీ చేయండి. తక్కువ సబ్బు పడితే ఆ తేడా తాత్కాలిక కాఠిన్యం, బైకార్బొనేట్ల వల్ల వచ్చింది, మరిగేటప్పుడు అది కాల్షియం కార్బొనేట్‌గా గిన్నె అడుగున తెల్లగా పట్టేసింది. ఇంకో సీసాలో మరిగించని బోరు నీళ్లకు చిటికెడు బట్టల సోడా వేసి చూడండి. మన అమ్మమ్మలు బట్టలు నానబెట్టేటప్పుడు సోడా ఎందుకు వేసేవాళ్లో తెలుస్తుంది. ఓపిక ఉంటే కుంకుడు రసం కూడా బోరు నీళ్లలో వేసి ఊపండి, దాంట్లోని సాపోనిన్లకు కాస్టిక్ సోడాతో పని లేదు, పసుపు కాగితం (పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం) కూడా ఎర్రబడదు. నురగ ఇచ్చేదల్లా క్షారం అనుకునే పిల్లలకు అది మంచి దెబ్బ.

ఒక జాగ్రత్త, ఇది గట్టిగా చెప్తున్నాను. ఈ పరీక్ష కాఠిన్యాన్నే చెప్తుంది, ఫ్లోరైడ్‌ని చెప్పదు. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పిల్లలు "నురగ బాగా వచ్చింది, అంటే మా బోరు నీళ్లు మంచివే" అని రాసేస్తారు, అది ప్రమాదం. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో పెద్దగా కరగదు, కాబట్టి కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే వీలుంది. రాళ్లలోంచి వచ్చే ఆ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే భారత ప్రమాణాల ప్రకారం తాగకూడదు, అది తేల్చేది నీటి పరీక్షల ల్యాబే. ఈ సందర్భంలోనే చెప్పండి, ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతిని ఇవాళ్టికీ ఇతర దేశాల్లో కూడా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. తమ జిల్లా పేరు కెమిస్ట్రీలో ఉందని చాలామంది పిల్లలకు తెలియదు.

సబ్బు తయారైందా లేదా

నాలుగు వారాలయ్యాక పీహెచ్ కాగితంతో చూడండి. ముక్కను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, రుద్ది, ఆ నురగలో కాగితం పెట్టాలి. 9, 10 మధ్య వస్తే మామూలే, మంచి సబ్బు ఎప్పుడైనా అంతే ఉంటుంది. 11 దాటితే ఇంకో రెండు వారాలు ఆగండి, అప్పటికీ దిగకపోతే తూకంలో ఏదో తేడా జరిగింది, ఆ సబ్బును ఒంటికి వాడొద్దు. పసుపు కాగితం ఇక్కడ పనికిరాదు, మంచి సబ్బుకూ ఎర్రబడుతుంది, కాస్టిక్ సోడా మిగిలిపోయిన సబ్బుకూ ఎర్రబడుతుంది. అదీ ఇదీ ఒకేలా చెప్పే సూచిక దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అని పిల్లలతో ఒక పేరా రాయించండి. నాలుకతో రుచి చూసి చెప్పే పద్ధతి ఒకటి వీడియోల్లో కనిపిస్తుంది, అది అస్సలు వద్దు.

ఇప్పుడు మీ సబ్బుతోనే నీళ్ల పరీక్ష ఇంకోసారి చేయండి. కొబ్బరి నూనె పాలు ఎక్కువ కాబట్టి బోరు నీళ్లలో కూడా కాస్త మెరుగ్గా నురగ రావాలి, కొబ్బరి సబ్బు ఉప్పు నీళ్లలో సైతం నురగిస్తుంది. వచ్చిందా లేదా అన్నది అంకెలతో రాయాలి, "బాగా వచ్చింది" అని రాస్తే ఒప్పుకోకండి. సైన్స్ ఫెయిర్‌కు వెళ్తే చార్టు మీద వైరస్ బొమ్మ ఎంత పెద్దగా వేశారన్నది ఎవరికీ గుర్తుండదు, నాలుగు ఊళ్ల బోర్ల పట్టిక ఉంటే మాత్రం జడ్జి ఆగి చదువుతారు.

మిగిలిన కాస్టిక్ సోడా డబ్బాకు పేరు రాసి, తాళం వేసిన అల్మారాలో పెట్టండి, ఉప్పో చక్కెరో అనుకునే డబ్బాలోకి మార్చకండి. రెండో బ్యాచ్ చేద్దామని పిల్లలే వెంటపడతారు. అప్పుడు 500 గ్రాములూ పల్లీ నూనెతోనే చేయమని, లెక్క వాళ్లనే వేయమని చెప్పండి. 5 శాతం తగ్గించాక కాస్టిక్ సోడా 64, 65 గ్రాముల మధ్య వస్తే సరిగ్గా వేసినట్టు. ఆ సబ్బు చిక్కబడటానికి చాలాసేపు పడుతుంది, చాలా రోజులు మెత్తగా ఉంటుంది, నురగ తక్కువ. ఎందుకో ఈసారి మీరు చెప్పకండి.